ముప్పై ఏడు చోట్ల నాన్న పేరు

కోదాడ
6 జనవరి 2025

ప్రమీల వదినెకు,

ప్రభువు పేరిట వందనాలు. మీరు, అన్నయ్య, పిల్లలు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము బాగానే ఉన్నాం. మీ తమ్ముడికి కాలేజీ ల్యాబ్‌లో పని ఎక్కువై జలుబు మాత్రం వదలడం లేదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏమిటని అనుకోకండి. క్రిస్మస్‌కి సూర్యాపేటలో కలిసినప్పుడు మీరే అన్నారు కదా, "నువ్వు ఫోన్ స్పీకర్ల పెడ్తవ్, మావోడు పక్కన కూసొని వింటడు. నాతోటి పనుంటే రాసి పంపు" అని. అందుకే ఈ కాగితాల కట్టలో ఉత్తరం కూడా పెట్టి మిర్యాలగూడ బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను.

పని ఉంది మరి. నా పీహెచ్‌డీ గ్రంథం రాయడం అయిపోయింది. వరినాట్లు వేసే ఆడవాళ్ళ పాటల మీద అని మీకు తెలుసు. చివర పెట్టిన పుస్తకాల జాబితాను మా గైడ్ గారు తిప్పి పంపారు. "ఒక్కో పుస్తకం ఒక్కో తీరుగా రాశావమ్మా. రచయిత పేరు, సంవత్సరం, పుస్తకం పేరు, ఊరు, ప్రచురణకర్త, ఈ వరస అన్నింటికీ ఒకటే ఉండాలి. పరీక్షకులు ముందు తిప్పేది చివరి పేజీలే" అన్నారు. మొత్తం నూట నలభై పుస్తకాలు. ఫిబ్రవరి 28 లోపు గ్రంథం ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు. ఇప్పటికి రెండుసార్లు గడువు పెంచారు, ఇక పెంచరు.

మీ తమ్ముడే చెప్పారు: "అక్క ఇరవై ఏండ్ల సంది లైబ్రేరియన్. గీ పని అక్క చేసినట్టు ఎవ్వరు చెయ్యరు" అని. జర చూసి పెట్టండి వదినా. (మీ మాట నాకూ అంటుకుంది, చూశారా!)

మీ మరదలు
జ్యోత్స్న

*

మిర్యాలగూడ
12 జనవరి 2025

జ్యోత్స్నకు,

వందనాలు. పార్సిల్ మంగళవారం అందింది. బస్టాండ్‌కు నేనే పోయి తెచ్చుకున్నాను. తెచ్చిపెట్టేవాళ్ళు నాకెవరూ లేరు.

నీ జాబితా చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పేర్ల వరస కంప్యూటర్‌కు వదిలేసినట్టున్నావు. దానికి ఇంగ్లీషు పేర్ల తీరే తెలుసు, ఆఖరి ముక్క ఇంటిపేరు అనుకుంటుంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది కదా తల్లీ! అది చేసిన నిర్వాకానికి పద్నాలుగు మంది రావులు, పదకొండు మంది రెడ్లు, తొమ్మిది మంది అమ్మలు పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు ఒకే దగ్గర కూర్చున్నారు. రెండో అచ్చు సంవత్సరాన్ని మొదటి అచ్చుదని రాశావు. పేర్ల ముందు డాక్టర్లు, శ్రీమతులు ఎందుకు? జాబితాలో అందరూ సమానమే.

నాకో పద్ధతి ఉంది. పుస్తకం చేతిలో పట్టుకొని, అట్ట కాకుండా లోపలి పేజీ చూసి, ఒక్కో పుస్తకానికి ఒక్కో కార్డు రాస్తాను. పుస్తకం మీద ఏముంటే అదే రాయాలి. మీద లేని సంగతి మనకు గట్టిగా తెలిస్తే దాన్ని స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టాలి, కానీ అది ఎప్పుడో తప్ప చెయ్యరు. మా కాలేజీలో లేని పుస్తకాల కోసం సూర్యాపేట జిల్లా గ్రంథాలయానికి రెండుసార్లు పోయొచ్చాను. ఇప్పటికి 'న' దాకా అయింది.

ఎమ్మే పాసైన ఏడాది నాకూ పీహెచ్‌డీ సీటు వచ్చింది. నీకు ఎవరైనా చెప్పారో లేదో! చేరడానికి తోడు రమ్మంటే మీ ఆయన "నాకు మ్యాచ్ ఉన్నదక్కా" అన్నాడు. ఇప్పుడు పెళ్ళాన్ని బండి వెనక ఎక్కించుకొని పాటల కోసం తుంగతుర్తి దాకా తిప్పుతున్నాడని చర్చిలో అందరూ మెచ్చుకుంటున్నారు. నేనూ మెచ్చుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

నీ గ్రంథం అట్ట మీద 'ఏపూరి జ్యోత్స్న' అని ఉంది. చూడ్డానికి బాగుంది. మా నాన్న ఇంటిపేరు నా దగ్గర ఇరవై నాలుగేళ్ళు ఉండి పోయింది, నీ దగ్గరికి వచ్చి ఉండిపోయింది. చదివినవాళ్ళు నువ్వే మత్తయ్య సారు కూతురివి అనుకుంటారు. అనుకోనీ.

ప్రమీల

*

కోదాడ
17 జనవరి 2025

వదినెకు,

వందనాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు మీ తమ్ముడి మీద బెంగగా ఉందని అర్థమైంది. పండగలకు తప్ప రావడం లేదని కదా మీ కోపం? ఆదివారం చర్చి అయ్యాక మిర్యాలగూడ పంపిస్తాను. మీరు చేసే చేపల పులుసు అంటే ఆయనకు ప్రాణం.

రావుల సంగతి చదివి మా కాలేజీ స్టాఫ్‌రూంలో పగలబడి నవ్వాను. నిజమే, కంప్యూటర్‌ని నమ్మాను.

మీకు ఒక్క మనవి. 'మ' దగ్గర మామయ్య గారి పుస్తకం ఉంటుంది, 'నాటుమళ్ళ పాటలు'. మీ పద్ధతి ప్రకారం ఇప్పుడది 'ఏ' లోకి వెళ్తుందనుకుంటా. దాన్ని మాత్రం ఒకటికి రెండుసార్లు చూడండి. నా గ్రంథానికి వెన్నెముక అదే. ముప్పై ఏడు చోట్ల మామయ్య గారి పేరు వేసి ఆ పాటలు వాడుకున్నాను. నేను ఎన్ని ఊళ్ళు తిరిగినా అలాంటి పాటలు నాకు ఒక్కటీ దొరకలేదు. మోటు పాటలు, మొగుళ్ళను ఏడిపించే పాటలు, వింటే చెవులు మూసుకోవాలి! బడిపంతులు, అందులోనూ సంఘ పెద్ద, ఇవన్నీ ఎలా సేకరించారో అని మా గైడ్ గారు కూడా ఆశ్చర్యపోయారు. నేను పెళ్ళై వచ్చేసరికే మామయ్య లేరు. ఉంటే కాళ్ళకు దణ్ణం పెట్టేదాన్ని.

కృతజ్ఞతల పేజీలో మీ పేరు కూడా రాశాను: "గ్రంథసూచి సరిచూసిన మా వదినె ప్రమీల గారికి". సంతోషమేనా?

మీ
జ్యోత్స్న

*

మిర్యాలగూడ
25 జనవరి 2025

జ్యోత్స్నకు,

నూట ముప్పై తొమ్మిది కార్డులు పంపుతున్నాను. ఇంటిపేర్ల వరసలో ఉన్నాయి, కలపకు. రబ్బరు బ్యాండు తీసి మళ్ళీ వేసేటప్పుడు అంచులు మడతపడకుండా చూసుకో.

ఒక పుస్తకానికి కార్డు రాయలేదు. రాయను.

కృతజ్ఞతల్లో నా పేరు తీసెయ్.

శ్రీను ఆదివారం వచ్చాడు. పులుసు తిన్నాడు, పోయాడు.

ప్రమీల

*

కోదాడ
29 జనవరి 2025

వదినెకు,

వందనాలు. కార్డులు చూసి కళ్ళు చెమర్చాయి. ఎంత ముచ్చటైన దస్తూరి! మా గైడ్ గారికి ఫొటో తీసి పంపితే "ఈ అమ్మాయెవరు?" అన్నారు.

లేనిది మామయ్య గారి పుస్తకమే అని వెతికి చూసుకున్నాను. చేతిలో పట్టుకోని పుస్తకానికి కార్డు రాయనన్నారు కదా, మీకు ప్రతి దొరకలేదని అర్థమైంది. అందుకే నా ప్రతి పంపుతున్నాను. నేను పెన్సిల్‌తో గీతలు గీశాను, ఏమీ అనుకోకండి. చూసి కార్డు రాసి పంపండి.

మీ పేరు ఎందుకు తీసెయ్యమన్నారు? వినయానికి హద్దుండాలి వదినా.

మీ
జ్యోత్స్న

*

మిర్యాలగూడ
2 ఫిబ్రవరి 2025

ఆ పుస్తకం నాకు పంపి చూసుకోమంటావా? నాకా?

తిప్పి పంపుతున్నాను. కార్డు రాయను. ఎందుకో మీ ఆయనకు తెలుసు.

ప్రమీల

*

కోదాడ
6 ఫిబ్రవరి 2025

వదినెకు,

వందనాలు పెట్టి మొదలుపెట్టేంత మంచి మనసు ఇవాళ నాకు లేదు.

మీ తమ్ముణ్ణి అడిగాను. టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా "అక్కకు కడుపుమంట. నువ్ సదువుతున్నవని ఓర్వలేకపోతున్నది. ఊకె అట్లనే అంటది, పట్టించుకోకు" అన్నారు. మొదట నమ్మలేదు. రాత్రంతా ఆలోచిస్తే అంతకన్నా వేరే కారణం నాకు కనిపించలేదు.

నూట నలభైలో సరిగ్గా ఆ ఒక్కటే ఎందుకు ఆపారు? ముప్పై ఏడు చోట్ల లోపల ఉండి, చివర జాబితాలో లేకపోతే పరీక్షకులు ఏమంటారో మీకు తెలియదా? నాకన్నా మీకే బాగా తెలుసు. తెలిసే ఆపారు. కార్డు నేనే రాసుకోగలను, అది పెద్ద పని కాదు. కానీ మీ చేత్తో నూట ముప్పై తొమ్మిది రాసి, నా గుండెకాయ లాంటిదాన్ని వదిలేశారు చూడండి, అది బాధ.

మీకు సీటు వచ్చి పోయిందంటే అది నా తప్పా? మీ ఇంటిపేరు నాకొచ్చిందంటే నేనడిగానా? పెళ్ళి చేసి మీ వాళ్ళే పెట్టారు. ఇరవై రెండు రోజులుంది నాకు. మీరు కుళ్ళుకోవాలనుకుంటే మార్చిలో తీరిగ్గా కుళ్ళుకోండి.

జ్యోత్స్న

*

మిర్యాలగూడ
9 ఫిబ్రవరి 2025

జ్యోత్స్నా,

కుళ్ళే. దాచడమెందుకు? నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నువ్వు చెడ్డదానివైతే ఇంత మండేది కాదు. మంచిదానివి, తెలివైనదానివి, నా తమ్ముడు నీ సంచి మోస్తాడు, అమ్మ నీకు చదువుకునే వేళ టీ పెట్టి ఇచ్చేదట. నాకు అదే అమ్మ, చదువుకుంటుంటే లైటు ఆర్పేది.

ఇగ విను. ఆ పుస్తకం మా నాన్నది కాదు. నాది.

2003 వానాకాలం. ఎమ్మే అయిపోయి ఇంట్లో ఉన్నాను. తుంగతుర్తి వైపు నాట్లకు పోయే ఆడవాళ్ళ దగ్గరికి పొద్దున మొదటి బస్సెక్కి పోయేదాన్ని. గట్టు మీద కూర్చుంటే ఎవరూ పాడరు. మడిలోకి దిగి వాళ్ళ వరసలో నిలబడి, నారు పంచుకొని నాటుకుంటూ పోతే పాడతారు. నా చీలమండలు నీళ్ళలో నాని పాసిపోయాయి, గోళ్ళలో బురద నెల రోజులు పోలేదు. సాయంత్రం బస్సులో కూర్చొని మర్చిపోకముందే రాసుకునేదాన్ని. అరవై రెండు పాటలు. ఒక్కొక్కటి ఎవరు పాడారో కూడా రాశాను.

అచ్చు వేద్దామని సూర్యాపేట ప్రెస్సుకు ఇచ్చాం. అప్పుడే మిర్యాలగూడ సంబంధం కుదిరింది. నాన్న ప్రూఫులు చదివాడు. ఆ పాటలు చదివి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పిలిచి, "నీ పేరు మీద గీ పాటలు అచ్చయితె మిర్యాలగూడోళ్ళు వెనక్కి పోతరు బిడ్డా. పెండ్లి కాని పిల్ల, ఊరూరు తిరిగి గిట్లాంటివి రాసిందంటరు. ఇప్పుడు నా పేరు ఏద్దాం. మల్ల అచ్చేసినప్పుడు నీది ఏద్దాం" అన్నాడు. నేను సరేనన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. సరేనన్నాను. మళ్ళీ అచ్చు వెయ్యలేదు. 2011లో నాన్న పోయాడు. ఆయన సమాధి రాయి మీద కూడా ఆ పుస్తకం పేరు చెక్కించారు. చెక్కించింది మీ ఆయనే. మార్చిన అట్ట ప్రూఫు ప్రెస్సు నుంచి ఇంటికి తెచ్చిందీ మీ ఆయనే. పాత పేరు కొట్టేసి ఉండటం కళ్ళారా చూశాడు.

ముప్పై ఏడు చోట్ల నాన్న పేరు పెట్టావు. ప్రతి చోటా నువ్వు వాడుకున్నది నన్ను. నా పాటల మీద నువ్వు డాక్టరు అవుతావు, నా పేరు 'సరిచూసిన' వదినెగా ఉంటుంది. కడుపు మండదా?

అయినా లైబ్రేరియన్ని. పుస్తకం మీద ఏముంటే అదే రాయాలి. నా బాధ కోసం నియమం మారదు. కార్డు ఇందులో పెడుతున్నాను. ఏపూరి మత్తయ్య అనే రాశాను. నీ పని నువ్వు చేసుకో.

ప్రమీల

*

కోదాడ
17 ఫిబ్రవరి 2025

వదినెకు,

వందనాలు. మీ ఉత్తరం మీ తమ్ముడి ముందు పెట్టాను. చదివి మడత పెట్టారు. తర్వాత, "నాయిన పేరు పోతదని చెప్పలేదు" అన్నారు. అక్క పేరు పోయింది కదా అంటే లేచి బయటికి పోయారు. అన్నం వేళకు వచ్చి "నాకు తెలుసు" అన్నారు. అంతే. నాకు కోపం మీ మీద వచ్చిన దానికి పదింతలు ఆయన మీద వచ్చింది.

నిన్న ఆదివారం ఒక్కదాన్నే తుంగతుర్తి వెళ్ళాను. బస్సులో. యాసంగి నాట్లు ఆఖరికి వచ్చాయి. మీ పుస్తకంలో ఎక్కువ పాటలు పాడినట్టు రాసిన కాటమ్మ ఇంకా ఉంది. డెబ్బై దాటాయి, నడుం వంగింది, నోరు మాత్రం తగ్గలేదు. మత్తయ్య సారు మీ దగ్గర పాటలు రాసుకున్నారటగా అంటే ఎంత నవ్విందో!

"సారా? సారు ఒక్కనాడన్న మా మడి మొకం సూసిండా? గా పాటలు మొగోళ్ళ ముంగట పాడుతమా బిడ్డా? మాకు సిగ్గు లేదా? సారు బిడ్డ ప్రమీలమ్మ వచ్చేది. మాతోటి నాటేసుకుంట నేర్సుకున్నది. నాటు వంకర పోయేది గని గొంతు మంచిగుండె. ఆ పిల్ల బుక్కు ఏసిందా మరి?"

వదినా, ఆ మాట విన్నాక గట్టు మీదే కూర్చొని నా నోట్సంతా తిరగేశాను. ఇన్నేళ్ళు పరిశోధన చేశాను. ఆ పాటలు మగవాళ్ళ ముందు పాడరన్న సంగతి నాకు తట్టలేదు. నేను వెళ్ళిన ప్రతిసారీ మీ తమ్ముడు బండి దగ్గర నిలబడి ఉండేవారు. అందుకే నాకు ఎవరూ పాడలేదు! మీరు చూసి కుళ్ళుకున్న ఆ బండి ప్రయాణాలే నా నోట్లో మట్టి కొట్టాయి. నిన్న ఒక్కదాన్నే ఉంటే కాటమ్మ కోడలు మణెమ్మ రెండు పాటలు పాడింది. రెండూ మీ పుస్తకంలో ఉన్నవే.

నేనొకటి నిర్ణయించుకున్నాను. మీరే చెప్పారు, పుస్తకం మీద లేకపోయినా గట్టిగా తెలిసిన సంగతిని స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టొచ్చని. మీ పేరు అలా పెడతాను, ముప్పై ఏడు చోట్లా మారుస్తాను. గైడ్ గారికి ఫోన్ చేశాను. "గడువు ముందు కొత్త తలనొప్పి ఎందుకమ్మా, పుస్తకం మీద ఉన్నదే ఉంచు" అన్నారు. పెడితే రుజువు అడుగుతారట. మీరు ఒక కాగితం మీద జరిగింది రాసి సంతకం చేసి పంపండి. ఇంటిపేరు ఏపూరి అని పెట్టాలా, అన్నయ్య గారిదా?

క్షమించండి అని రాయాలి. చేతులు రావడం లేదు, మీరూ నన్ను చాలా అన్నారు.

జ్యోత్స్న

*

మిర్యాలగూడ
21 ఫిబ్రవరి 2025

జ్యోత్స్నా,

కాగితం రాయను.

ఇరవై ఒక్క ఏళ్ళు నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు నా పుస్తకం నాదే అని నేను సంతకం పెట్టి, నీకు దరఖాస్తు పెట్టుకోవాలా? నీ గ్రంథంలో నాకు ఇంత చోటు ఇమ్మని?

తుంగతుర్తి పోయావు, కాటమ్మతో మాట్లాడావు, నా కోసం గైడ్‌తో కొట్లాడావు. రేపు సంఘంలో అందరూ "ఎంత మంచి కోడలు, ఆడబిడ్డకు న్యాయం చేసింది" అంటారు. ఆ మంచి పేరు కూడా నీకే కావాలా? నా పాటలు తీసుకున్నావు, నా ఇంటిపేరు తీసుకున్నావు, ఇప్పుడు నా అన్యాయాన్ని కూడా తీసుకొని ఊరేగుతావా?

పుస్తకం మీద ఉన్నది ఉంచు. వారం రోజుల్లో గడువు. బుద్ధిగా ఇచ్చెయ్.

కాటమ్మకు నేను గుర్తున్నానా? నా నాటు వంకర అన్నదా? అబద్ధం. నా వరస చూసి వాళ్ళే సరిచేసుకునేవాళ్ళు.

ప్రమీల

*

కోదాడ
28 ఫిబ్రవరి 2025

వదినెకు,

ఈ రోజు మధ్యాహ్నం గ్రంథం యూనివర్సిటీలో ఇచ్చాను. నాలుగు ప్రతులు.

జాబితాలో ఏం పెట్టానో రాయను. రాస్తే మీరు మళ్ళీ నా మంచితనం మీద పడతారు. కృతజ్ఞతల్లో మీ పేరు మీరన్నట్టే తీసేశాను.

జ్యోత్స్న

*

మిర్యాలగూడ
22 నవంబర్ 2025

జ్యోత్స్నా,

తొమ్మిది నెలలైంది నీకు రాసి. నిన్నటి సంగతి నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

నీ వైవాకు నేను వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యతో కాలేజీ పని మీద హైదరాబాద్ పోతున్నానని చెప్పి తెల్లవారి బస్సెక్కాను. ఎవరైనా వచ్చి వినొచ్చని పేపర్లో వేస్తారు కదా, ఆ ధైర్యంతో వచ్చి, తల మీదుగా కొంగు కప్పుకొని ఆఖరి వరసలో కూర్చున్నాను. దీవించడానికి రాలేదు. నువ్వు తడబడితే చూద్దామని వచ్చాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

శ్రీను ముందు వరసలో స్వీట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. నువ్వు ఆ గంధం రంగు చీరలో బాగున్నావు. బాగా మాట్లాడావు కూడా. ప్రతి జవాబుకీ నాకు ఒక్కో మెట్టు కిందికి దిగినట్టు అయింది.

అప్పుడు ఆ తెల్లజుట్టు పరీక్షకుడు చివరి పేజీలు తిప్పి బయటికి చదివాడు. "ఏమిటిది? బ్రాకెట్లో ఏపూరి ప్రమీల, 2004, నాటుమళ్ళ పాటలు, సూర్యాపేట, స్వీయ ప్రచురణ. పక్కన 'పుస్తకం మీద ఉన్న పేరు ఏపూరి మత్తయ్య' అని రాశారు. లోపల కూడా ముప్పై ఏడు చోట్ల ఈ ప్రమీలే. ఎవరీ ప్రమీల? మీ ఇంటిపేరే కదా, మీ ఇంట్లోవాళ్ళకు పుస్తకాలు పంచిపెడుతున్నారా?" అన్నాడు. హాలంతా నవ్వారు.

నా పేరు అందరి ముందు అలా బయటికి చదవగా వినడం నాకదే మొదలు.

నువ్వు నవ్వలేదు. "నా గ్రంథంలో పేజీ ఇరవై తొమ్మిది నుంచి నలభై ఆరు దాకా చదవండి సార్. ఆ పాటలు మగవాళ్ళ ఎదుట పాడరు. మా మామగారికి వాళ్ళు పాడే వీలే లేదు. నా భర్త గట్టు మీద ఉన్నన్నాళ్ళు నాకే పాడలేదు. ఆ మడిలో దిగి నాటు వేసిన మనిషి మా వదినె. పాడిన కాటమ్మ మాట రికార్డు చేసి అనుబంధంలో పెట్టాను. అది చాలదంటే నా పట్టా ఆపండి. పేరు మాత్రం తియ్యను" అన్నావు. మీ గైడ్ తల పట్టుకున్నాడు. శ్రీను తల దించుకున్నాడు, తర్వాత ఏమనుకున్నాడో లేచి నిలబడ్డాడు, అట్లనే నిలబడ్డాడు.

పరీక్షకుడు అడిగాడు గుర్తుందా? "ఆమె ఉన్నారా? ఉంటే ఆమెనే అడుగుతాం." నువ్వు "మిర్యాలగూడలో ఉంటారు సార్" అన్నావు.

నేను నీ వెనక ఏడు వరసల దూరంలో ఉన్నాను.

లేవాలనుకున్నాను. ప్రభువు సాక్షిగా చెబుతున్నాను, మోకాళ్ళు కదిలాయి కూడా. లేవలేకపోయాను. సిగ్గు వల్ల కాదు, భయం వల్ల కాదు. కుళ్ళు వల్ల. 'ఆ పుస్తకం నాది' అనే మాట ఇరవై ఒక్క ఏళ్ళు నా నోట్లోనే ఉంది. నాన్న బతికున్నప్పుడు అనలేదు, సమాధి దగ్గర అనలేదు, మీ అన్నయ్యతో ఒక్కసారీ అనలేదు. అనాల్సిన చోట, అనాల్సిన రోజు, నువ్వు అనేశావు. నాకన్నా బాగా అన్నావు. పట్టా పణం పెట్టి అన్నావు. నేను నాన్నకు సరేనన్నప్పుడు నా దగ్గరా పణం పెట్టడానికి ఒక పెళ్ళి ఉంది, పెట్టలేదు. ఆ తేడా నీకు తెలియదు, నాకు తెలుసు. అందుకే నీకు పట్టా ఇచ్చినట్టు వాళ్ళు చెప్పగానే, నువ్వు ఏడుస్తుండగానే, వెనక తలుపు నుంచి వచ్చేశాను. బస్సులో సూర్యాపేట దాటేదాకా నీ మీద కోపమే. నేరుగా మిర్యాలగూడ పోయే బస్సు దొరక్క సూర్యాపేట బస్సెక్కాను, అందుకూ నిన్నే తిట్టుకున్నాను.

నువ్వు నా మీద జాలితో చేశావనుకున్నాను. నిన్న నీ గొంతు విన్నాక అది జాలి కాదని తెలిసింది. నీకూ కోపం వచ్చింది, నాకు రావాల్సిన కోపం.

వచ్చే ఆదివారం సూర్యాపేటలో మన సంఘం నీకు సన్మానం పెట్టుకుందని శ్రీను ఫోన్ చేశాడు. నాన్నను తెలిసినవాళ్ళందరూ వస్తారు. ఆ పుస్తకం సంగతి అప్పుడే ఊరంతా పాకిందట, ఒకరిద్దరు "సారు పేరు తీసేస్తరా" అని గుర్రుగా ఉన్నారట. పాస్టరు గారు అందరి ముందు అడుగుతాడు, అడక్క మానడు.

నేను వస్తాను. ముందు వరసలో కూర్చుంటాను. ఆయన అడిగినప్పుడు నువ్వు లేవకు జ్యోత్స్నా. నోరు తెరవకు. నేను చెప్తాను.

ప్రమీల